మూడడుగుల తేడా: కిమిడి చిన్న రైలూ, మా టేసనుపేటా

(పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అమ్మలకీ అయ్యలకీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి. నాది తరగతి గదికి అలవాటుపడ్డ గొంతు. నమ్మకం లేనిదల్లా ఈ మైకు మీదే.

నన్ను చిన్న రైలు చరిత్ర చెప్పమన్నారు. నేను రైల్వే ఉద్యోగిని కాను. లెక్కల మేష్టారిని. అందుకని ఒక లెక్కతో మొదలెడతాను. చిన్న రైలుకి పట్టాల మధ్య దూరం ఎంత? 2 అడుగుల 6 అంగుళాలు. ఇప్పుడు నడుస్తున్న పెద్ద లైనుకి? 5 అడుగుల 6 అంగుళాలు. తీసెయ్యండి. ఎంత మిగిలింది? 3 అడుగులు. సరిగ్గా మూడడుగులు. అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు. వామనుడు బలిచక్రవర్తిని అడిగిందెంత? అదీ మూడడుగులే కదా! మా టేసనుపేట ఆ మూడడుగుల్లోనే పోయింది. ఎలా పోయిందో చెబుతాను. మధ్యలో దారి తప్పితే ఎవరో ఒకరు గుర్తు చెయ్యండి, దారి తప్పే అలవాటు నాకుంది.

1900 ఏప్రిల్ 1. ఈ తారీఖు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఆ రోజున నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు మొదలైంది. 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు. కట్టించింది దొరలు కాదు. మన కిమిడి రాజావారు, గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్ గారు. 1898లో ప్రభుత్వం నుంచి అనుమతి వచ్చింది. 7 లక్షల రూపాయలు ఖర్చయింది. ఇప్పటి డబ్బుల్లో అదెంత మాస్టారూ అని అడగబోతున్నారు కదా? చెప్పను. అవన్నీ ఉత్త లెక్కలు.

అసలు ఎందుకు కట్టించారు? అంతకుముందు, 1893 నుంచి 1896 మధ్యలో, కోస్తా వెంబడి బెజవాడ నుంచి కటకం దాకా పెద్ద లైను వేశారు. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అనేవారు అప్పట్లో. ఆ లైను నౌపడ మీంచి పోయింది. కిమిడి వేపు తొంగి కూడా చూడలేదు. సంస్థానం ఇక్కడ, కూత అక్కడ. ఎడ్లబండి మీద నౌపడ దాకా వెళ్ళి అక్కడ రైలెక్కాలి. రాజుగారికి అది నచ్చలేదు. నా ఊరికి నేనే రైలు తెచ్చుకుంటానన్నారు. మరి చిన్న గేజీ ఎందుకు? ఖర్చు తక్కువ కాబట్టి. కట్ట సన్నగా పోస్తే సరిపోతుంది, వంతెనలు చిన్నవి చాలు, పట్టాలు తేలిక, గుట్ట అడ్డొస్తే దాని చుట్టూ మెలిక తిప్పుకుని పోవచ్చు. పెద్ద రైలు అలా మెలికలు తిరగదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో కావాలి.

మొదటి పదేళ్ళూ నష్టమే. 1910 తర్వాత ఏదో నాలుగు డబ్బులు మిగలడం మొదలైంది. 1924-25 తర్వాత లాభాలు పెరిగాయి. అప్పటికి గద్దె మీద కొడుకు, కృష్ణచంద్ర గజపతి గారు. లాభం కనబడేసరికి లైనుని గుణుపురం దాకా పొడిగించారు. ఒక విడత 1929లో, రెండో విడత 1931లో. నౌపడ నుంచి గుణుపురానికి మొత్తం 90 కిలోమీటర్లయింది. మా పేట పుట్టింది ఈ రెండు తారీఖుల మధ్యలోనే. కిమిడి దాటాక, గుణుపురం పోయే వేపు. ఇక్కడున్న వాళ్ళలో సగంమందికి ఏ పేటో తెలుసు. తెలియని వాళ్ళకి టేసనుపేట అంటే చాలు, మేమూ అలాగే అంటాం.

ఇక్కడ కాస్త దారి తప్పుతాను. 1931 అన్నాను కదా. ఈ ఊళ్ళోనే 1880లో బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారి సవర భాషా పుస్తకం మదరాసులో అచ్చయింది కూడా 1931లోనే. సవరలంటే ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనులు. వాళ్ళ భాష నేర్చుకోవడానికి ఆయన ఆ కొండల్లోకి ఎలా వెళ్ళేవారు? రైలేదీ? రోడ్డేదీ? మన్యం జ్వరం పట్టింది. క్వినైను మింగి మింగి చెవుడొచ్చింది. సవరల మాట వినడానికి వెళ్ళి చెవులు పోగొట్టుకున్న మనిషి! ఆయన కష్టపడి తిరిగిన ఆ వేపుకి రైలు కూత వినిపించేసరికి ఆయనకి 68 ఏళ్ళు. సరిగా వినిపించి కూడా ఉండదు.

ఏప్రిల్ 1 మళ్ళీ వస్తుందన్నాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం విడిగా ఏర్పడింది. కిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. కిమిడి ఒరిస్సాకి వచ్చింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం మదరాసులో ఉండిపోయాయి. రైలు ఒకటే, రాష్ట్రాలు రెండు. పాతపట్నంలో నీలమణి దుర్గమ్మకి దండం పెట్టుకుని బండెక్కితే, ఆ దండం పెట్టిన చెయ్యి దించేలోపే ఒరిస్సా. గిడుగు వారు ఇది ఒప్పుకోలేక ఊరే విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మరుసటేడు 1937, మళ్ళీ అదే ఏప్రిల్ 1న, కృష్ణచంద్ర గజపతి గారు ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు. ఏప్రిల్ 1 అంటే లోకానికి ఎలాంటి రోజో మీకు తెలుసు. మా ప్రాంతానికి మాత్రం అన్నీ నిజంగానే జరిగాయి.

సరే, పేటకి వద్దాం.

ఎక్కడైనా ముందు ఊరుంటుంది, తర్వాత స్టేషనొస్తుంది. మాకు స్టేషనొచ్చాక ఊరొచ్చింది. మా తాతది టెక్కలి వేపు. కట్ట పోసే మట్టిపనికి తట్టా పారా పట్టుకుని వచ్చాడు. పని అయిపోయాక అందరూ వెళ్ళిపోయారు, ఆయన వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదు తాతా అంటే, 'ఇక్కడ నీళ్ళు బాగున్నాయిరా' అనేవాడు. అంతే కారణం. స్టేషను కోసం ఒక నుయ్యి తవ్వారు. తియ్యటి నీళ్ళు. ఎండాకాలంలో చుట్టుపక్కల ఊళ్ళల్లో నూతులు ఎండిపోయినా రైలు నుయ్యి ఎండేది కాదు. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు భూమి ఎంత, పశువులెన్ని అని చెప్పాక, ఆఖర్న 'రైలు నూతి నీళ్ళండీ' అని కలిపేవారు. దాంతో సంబంధం కుదిరిపోయేది. మా అమ్మ అలాగే వచ్చింది ఈ పేటకి. తర్వాత జీవితాంతం 'నీళ్ళు చూసి ఇచ్చేసినారు, మనిషిని చూడనేదు' అని మా నాన్నని దెప్పేది.

స్టేషను అంటే ఏమిటనుకుంటున్నారు? పెంకుటిల్లు, ఒకే గది. ఒక కిటికీ, దానికి సగం ఊచలు. ముందు ఒక చింతచెట్టు, దాని కింద సిమెంటు దిమ్మ. గోడకి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడగట్టి ఉండేది, అదే గంట. పక్కన పట్టాలు బాగుచేసే గ్యాంగు వాళ్ళ ఇళ్ళు, నాలుగో అయిదో. కీమాన్, అంటే పట్టాల బిగింపులు చూసేవాడు, పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంబడి బయల్దేరేవాడు. ఆ సుత్తి దెబ్బ ఠంగుమని దూరమైపోతూ వినబడేది. ఏ ఇంట్లోనూ గడియారం లేదు. అక్కర్లేదు కూడా. ఎగువ బండి కూతకి పొయ్యి రాజెయ్యడం, దిగువ బండి కూతకి పశువుల్ని తోలుకు రావడం. మా మేనత్త పుట్టినప్పుడు జాతకం రాయించడానికి పంతులు గారి దగ్గరికి వెళ్ళి, దిగువ బండి దాటిన గడియకి పుట్టిందండీ అని చెప్పారట. ఆయన పంచాంగం తెరవకుండా, 'ఆ రోజు బండి ఎంత ఆలస్యంగా నడిచింది?' అని అడిగాడట. నవ్వకండి, సరైన ప్రశ్న అది! మా మేనత్త జాతకం ఏదీ ఫలించకపోవడానికి కారణం అదేనని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

బొగ్గింజను రోజుల్లో ఆడవాళ్ళు తపేలాలు పట్టుకుని ఇంజను దగ్గరికి వెళ్ళేవారు. డ్రైవరు వేడినీళ్ళు వదిలేవాడు. బాలింత ఉన్న ఇంటికి ముందు. ఎవరింట్లో బాలింత ఉందో డ్రైవరుకి తెలుసు, ఎలా తెలుసని అడక్కండి, తెలుసు. ఇంజను దులిపిన బూడిదలో కాలీకాలని బొగ్గు ముక్కలు ఏరడం మా పిల్లల పని. ఎర్రగా ఉందో నల్లగా ఉందో చూసి ముట్టుకోవాలి. ఇదిగో, నా బొటనవేలు మీద మచ్చ. ఇది ఎర్రటి దాన్ని నల్లటిది అనుకున్నప్పటిది.

ఇంక సంత. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ తియ్యగా చెబుతారు.

నౌపడలో ఉప్పు పండుతుంది, మీకు తెలుసు. ఆ ఉప్పు బస్తాలు చిన్న రైలెక్కి మా స్టేషన్లో దిగేవి. కొండ మీంచి సవరలు కావళ్ళు వేసుకుని దిగేవారు. చింతపండు, పసుపు, కందులు, కొండచీపుర్లు, అడ్డాకులు. తెల్లవారుజామున బయల్దేరితే సంతవేళకి చేరేవారు. కొండకి ఉప్పు కావాలి, పల్లానికి చింతపండు కావాలి. సముద్రమూ కొండా కలుసుకునే చోటు మా చింతచెట్టు కింద. ఎంత బాగుంది వినడానికి!

ఇప్పుడు రెండో సగం. మా నాయనమ్మ అక్కడ ఉప్పు అమ్మేది. మా ఇంట్లో రెండు కుంచాలుండేవి. చూడ్డానికి రెండూ ఒకటే. ఒకదాని అడుగు లోపలికి నొక్కి ఉండేది. ఉప్పు కొలిచి ఇచ్చేటప్పుడు నొక్కిన కుంచం, కందులు కొలిచి తీసుకునేటప్పుడు మంచి కుంచం. నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. లెక్కలంటే అప్పటికే పిచ్చి. ఒకరోజు రెండిట్లోనూ నీళ్ళు పోసి గ్లాసుతో కొలిచాను. రెండు గ్లాసులు తేడా. నాయనమ్మా, ఇది తప్పు కుంచం అన్నాను. ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. 'దాన్ని నువ్వు ముట్టకు బావూ' అంది. అంతే. నేను చదువుకున్న చదువులో ఆ రెండు గ్లాసులున్నాయి. కాబట్టి స్టేషను పోయి సవరలకి అన్యాయం జరిగిందని మనం ఉపన్యాసాలు ఇచ్చేటప్పుడు, నేను కాస్త తలొంచుకుంటాను. వాళ్ళకి స్టేషన్ వల్ల ఏం జరిగిందో వాళ్ళని అడగాలి.

టిక్కెట్ల సంగతి. ఇక్కడ మీరు కూడా తలొంచుకోవాలి, సిద్ధంగా ఉండండి.

చిన్న రైలుకి ఎంతమంది టిక్కెట్టు కొన్నారు? నిజం చెప్పండి. ఆ మూల నవ్వుతున్నారు చూశారా, ఆయన కొనలేదు! నేనూ కొనలేదు. కిమిడికి బడికి రోజూ ఆ బండిలోనే వెళ్ళాను. మలుపు దగ్గర బండి నెమ్మదించేది. నెమ్మదించేది అంటే... అది ఎప్పుడు పరిగెత్తింది గనక! అక్కడ ఎక్కడం, కిమిడి స్టేషను రాకముందే దూకెయ్యడం. మా అమ్మ పనసతొనలు గంపలో పెట్టుకుని కిమిడి వెళ్ళి అమ్మేది. అమ్మా టిక్కెట్టు కొనవా అంటే, 'రాజావోరు మనకోసం ఏసిన బండి కదేటిరా? మన బండికి మనం డబ్బులు కట్టీసుకుంతామేటి?' అనేది. అప్పటికి రాజావారి దగ్గర్నుంచి బండి ఎన్ని చేతులు మారిందో! బెంగాల్ నాగపూర్ రైల్వే, తర్వాత సౌత్ ఈస్టర్న్ రైల్వే. మా అమ్మకి అవేమీ తెలీవు. ఆవిడకి ఆఖరి దాకా అది రాజావోరి బండే.

ఈలోగా రోడ్డు పడింది, బస్సులొచ్చాయి. తొందరున్నవాడు బస్సెక్కాడు, డబ్బుల్లేనివాడు రైలెక్కాడు. అంటే టిక్కెట్టు కొనగలిగినవాడు వెళ్ళిపోయాడన్నమాట. ముందు మా స్టేషను మాస్టారిని తీసేశారు. హాల్టు చేశారు, అంటే బండి ఆగుతుంది గానీ స్టేషను మాస్టారు ఉండడు. పేటలోనే ఒకాయనకి కమీషను మీద టిక్కెట్లు అమ్మే పని ఇచ్చారు. అమ్మిన టిక్కెట్టుకి ఇంత అని ఆయనకి ముడుతుంది. పాపం, ఎవర్ని అడుగుతాడు? అడిగితే ఒకరు బావ, ఒకరు మావ, ఒకరు వియ్యపురాలు. ఎక్కేవాళ్ళు వందమంది ఉన్న రోజున కూడా పుస్తకంలో పదో పన్నెండో.

2002 సెప్టెంబరు 27న నౌపడలో పెద్ద లైనుకి శంకుస్థాపన జరిగింది. మేమూ సంతోషించాం, ఇప్పుడు అబద్ధం చెప్పకూడదు. స్వీట్లు పంచుకున్నాం. పెద్ద లైనంటే మా స్టేషను కూడా పెద్దదవుతుంది అనుకున్నాం. అలా కాదని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

2004 జూన్ 9. చిన్న రైలుకి ఆఖరు. పేట పేటంతా స్టేషను దగ్గరే ఉంది. కొండ మీంచి కూడా వచ్చారు. ఇంజనుకి మామిడాకులు కట్టారు, పసుపు పూశారు. అప్పుడు ఎవరికి తోచిందో తెలీదు, ఒక కుర్రాడు కిటికీ దగ్గరికి వెళ్ళి టిక్కెట్టు ఇమ్మన్నాడు. గుర్తుగా ఉంటుందని. ఇంక చూడండి! ఆ కిటికీ పుట్టాక అంత వరస ఎప్పుడూ చూసి ఉండదు. బావలు, మావలు, వియ్యపురాళ్ళు, అందరూ డబ్బులు పట్టుకుని నిలబడ్డారు. మా అమ్మ కూడా. కొంగు ముడి విప్పి చిల్లర తీసింది. 'ఎక్కడికి పిన్నీ?' అన్నాడు ఆయన. 'ఎక్కడికైతే ఏటి, ఇయ్యి' అంది. టిక్కెట్లు చాల్లేదు. ఇన్నేళ్ళలో అయిపోవడం అదే మొదలు. ఆయన కిటికీ లోపల తల పట్టుకుని కూర్చున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో బయటికి కనిపించలేదు.

2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా పెద్ద బండి వచ్చింది. పూరీ నుంచి వస్తుంది, విశాఖపట్నం నుంచి వస్తుంది. బాగుంది. చాలా బాగుంది. నేను వద్దనేవాణ్ణి కాను. పోయినేడు మా తమ్ముడికి గుండెనొప్పొస్తే ఆ రైల్లోనే విశాఖపట్నం తీసుకెళ్ళాం. చిన్న రైలైతే నౌపడ చేరకముందే... సరే, ఆ మాట వద్దు.

కానీ మా పేటలో ఆగదు. పెద్ద రైలు మెలికలు తిరగదని ముందే చెప్పాను కదా. మా మలుపుని సాపు చేశారు. కట్ట వెడల్పు చేశారు. పట్టాల మధ్య పెరిగింది మూడడుగులే గానీ, కింద కట్టకి అంతకంతా కావాలి. ఆ మట్టి కింద స్టేషను గది పోయింది, చింతచెట్టు పోయింది. నుయ్యి పోయింది. గది పోతే బాధపడలేదు, చెట్టు పోతే బాధపడ్డాం. నూతిలో మట్టి పోస్తున్న రోజున మా పేట ఆడవాళ్ళు వెళ్ళి నిలబడ్డారు. అడ్డుపడలేదు. ఆఖరి బిందెలు తోడుకుని వచ్చేశారు. ఆ తర్వాత చేతిపంపు వేశారు. నీళ్ళలో పప్పు ఉడకదు. ఇప్పుడు మా పేటలో పెళ్ళిసంబంధాలు మాట్లాడేటప్పుడు నీళ్ళ ఊసు ఎత్తరు. గ్యాంగు ఇళ్ళు కూల్చేశారు. అక్కడున్న మైలు రాయి ఒకటి మా ఎదురింటి వాళ్ళు తెచ్చుకున్నారు, దాని మీద బట్టలు ఉతుకుతారు. అంకె సగం అరిగిపోయింది.

హాల్టు ఇమ్మని అర్జీలు పెట్టాం. ఎన్ని పెట్టామో లెక్కలేదు, అన్నీ నా దస్తూరీయే. ఒకసారి ఒక అధికారి పిలిపించారు. మర్యాదగానే మాట్లాడారు, కుర్చీ వేశారు. 'మాస్టారూ, మీరు లెక్కల మాస్టారు కదా' అని ఒక కాగితం నా ముందుకి జరిపారు. మా హాల్టులో ఏ నెల ఎన్ని టిక్కెట్లు అమ్ముడయ్యాయో అందులో ఉంది. 'మీరైతే ఇక్కడ బండి ఆపుతారా?' అన్నారు. నేనేం చెప్పను? అంకెలన్నీ నిజం. మా అమ్మ లేదు అందులో. నేను లేను. సంతకొచ్చిన కావళ్ళు లేవు. తప్పు కుంచంతో కొలిచిన లెక్క అది, సార్, అందామనుకున్నాను. కానీ ఆ కుంచం అడుగు నొక్కింది ఎవరు? మేమే కదా! నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఎక్కువ సమయం తీసుకున్నాను. టీలు చల్లారిపోతున్నాయని అక్కడి నుంచి సైగ చేస్తున్నారు. ఇంకొక్క విషయం.

గ్యాంగు ఇళ్ళల్లో ఉండి వెళ్ళిపోయిన కుటుంబాల పేర్లు రాస్తున్నాను. టెక్కలి వేపు వాళ్ళు, బరంపురం వేపు వాళ్ళు, ఒరియా వాళ్ళు, మనవాళ్ళు, అందరివీ. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఏ పని చేశారు, ఇప్పుడు ఎక్కడున్నారు. నోటు పుస్తకం తెచ్చాను, ఈ బల్ల మీద ఉంటుంది. తెలిసినవాళ్ళు రాయండి. రాయడం రానివాళ్ళు చెప్పండి, నేను రాస్తాను. బొగ్గింజను డ్రైవర్ల పేర్లు ముఖ్యంగా కావాలి.

పక్కనే ప్లాస్టిక్కు సంచీలో మా అమ్మ టిక్కెట్టు పెట్టాను. అట్టముక్క టిక్కెట్టు, గోధుమరంగు, తారీఖు గుద్దిన చోట కాస్త గుంట పడి ఉంటుంది. చూడండి, పరవాలేదు. టీ తాగిన చేత్తో మాత్రం ముట్టుకోకండి.